జాబ్ మానేయాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా? మీరెలా తేల్చుకుంటారు?

మియాపూర్_మెట్రో: సర్వీసు 4 ఏళ్ళ 7 నెలలు, బేసిక్ 40 వేలు, నోటీసు 90 రోజులు. బయట 30 శాతం ఎక్కువకి ఆఫర్ లెటర్, జాయినింగ్ బోనస్ కూడా. ఇక్కడ రెండు అప్రైజళ్ళుగా "వచ్చే సైకిల్‌లో చూద్దాం" అన్న మాటే. ఇక కదలాల్సిందే అని మీరు దేన్నిబట్టి తేలుస్తారు? డబ్బు లెక్కలు తర్వాత, ముందు ఇది చెప్పండి.

పేస్లిప్_పండితుడు: డబ్బు లెక్కే ముందు. మానేసేటప్పుడు సర్వీసుకి కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ ఉంది: ఏడాదికి 15 రోజుల బేసిక్, నెలకి 26 పనిరోజుల లెక్కన 40,000 × 15 ÷ 26 × 5 = 1,15,384 రూపాయలు. ఇప్పుడు పేపర్ (రాజీనామా) పెడితే లాస్ట్ డేకి 4 ఏళ్ళ 10 నెలలే, 5 నిండలేదని ఎగ్గొడతారు. రెండు నెలలు ఓపిక పట్టి పెట్టండి, నోటీసులోనే 5 ఏళ్ళూ నిండుతాయి.

గోదారి_గట్టు: ఎందుకండీ ఆగడం? 4 ఏళ్ళ 240 రోజులు చాలని మెట్టూర్ బియర్డ్‌సెల్ కేసులో మద్రాసు హైకోర్టు ఎప్పుడో తేల్చేసింది.

పేస్లిప్_పండితుడు: మద్రాసులో తేలిస్తే మాదాపూర్ హెచ్‌ఆర్ వింటుందా? పాత గ్రాట్యుటీ చట్టం సెక్షన్ 4లో 5 ఏళ్ళు అనే ఉంది, చదువుకోండి.

గోదారి_గట్టు: అందులోనే సెక్షన్ 2ఎ మీరు చదవండి ముందు, ఎన్ని రోజులు పని చేస్తే ఏడాది కిందకొస్తుందో ఉంటుంది.

చార్మినార్_చాయ్: లొల్లెందుకు భయ్, కొత్త లేబర్ కోడ్‌తో ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది కదా.

రూల్‌బుక్: అది ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి, అంటే ఇన్నాళ్ళకని ముందే రాసుకున్న కాంట్రాక్టు ఉద్యోగులకి. 2025 నవంబర్ 21 నుంచి కోడ్లు అమలైనా పర్మనెంట్ వాళ్ళకి 5 ఏళ్ళే. ఇక పైన కొట్లాడుకుంటున్న ఇద్దరికీ: 240 అనేది వారానికి 6 రోజులు నడిచే చోట. 5 రోజుల ఆఫీసుకి 190. రెండూ పని చేసిన రోజులే, క్యాలెండర్ రోజులు కావు. ఈయనకి ఐదో ఏడాదిలో 10 నెలలంటే సుమారు 43 వారాలు, వారానికి 5 చొప్పున 215. పండగలు తీసేసినా 190 దాటుతుంది, 240 మాత్రం దాటదు. మీ హెచ్‌ఆర్ ఏ అంకె పట్టుకుంటే దాన్నిబట్టి ఆ లక్షా పదిహేను వేలు. రిజైన్ చేయకముందే మెయిల్ పెట్టి అడగండి, నోటిమాట నమ్మొద్దు.

గోదారి_గట్టు: నేనన్నదీ అదే.

పేస్లిప్_పండితుడు: మీరు 240 అన్నారు. పైకెళ్ళి చూస్కోండి.

సెటిల్మెంట్_సీటు: ఫుల్ అండ్ ఫైనల్ లెక్కలు కట్టే సీటు నాది, ఈ వాదన రోజూ వినేదే. అసలు గండి ఇంకోచోట పడుతుంది. కొత్త కంపెనీ నోటీసు బైఅవుట్ చేస్తామంటే, అంటే మిగిలిన నోటీసు రోజులకి డబ్బు కట్టి త్వరగా తీసుకెళ్తామంటే, జనం ఎగిరి గంతేస్తారు. లాస్ట్ డే ముందుకి జరిగితే సర్వీసూ అక్కడితో ఆగుతుంది. ఆ 215 కాస్తా 150 దగ్గర నిలిచిపోతుంది, 190 కూడా అందదు. బైఅవుట్ మీద 18 శాతం జీఎస్టీ కోస్తే ఒప్పుకోవద్దు, 2022 ఆగస్టు 3 నాటి 178వ నంబర్ సర్క్యులర్ చూపించండి. జాయినింగ్ బోనస్ చేతికొచ్చేది టాక్స్ పోగా. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి అడిగేది మాత్రం టాక్స్‌తో కలిపి మొత్తం. లెటర్‌లో ఆ లైన్ వెతకండి.

కొత్త_కాపురం: ఆడవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరేం? ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో ఆ కంపెనీలో 80 రోజులు పని చేసుంటేనే 26 వారాల జీతం. గ్రూప్ ఇన్సూరెన్సుల్లో మెటర్నిటీకి వెయిటింగ్ కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కొత్త ఆఫర్‌కి సరే అనేముందే పాలసీ కాపీ అడగాలి. ఇంట్లోవాళ్ళకి షుగర్, బీపీ ఉంటే సొంత పాలసీ ఇప్పుడే మొదలెట్టండి, పాత జబ్బులకి 36 నెలల దాకా వెయిటింగ్ పెడతారు.

డాలస్_బావ: ఇక్కడ అమెరికాలో హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ గ్రాట్యుటీ గోల లేదు, మానేస్తే 60 రోజుల గ్రేస్, అంతే. కొత్త కంపెనీ పిటిషన్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్‌కి చేరకుండా పేపర్ పెట్టొద్దు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవై 180 రోజులు దాటాక కదిలితే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆరేళ్ళ హెచ్-1బి గడువు తర్వాత ఎక్స్‌టెన్షన్లకి పనికొస్తుంది.

చార్మినార్_చాయ్: మియాపూర్ అన్నకి ఐ-140 ఎందుకు బావా?

డాలస్_బావ: చదివేది ఆయనొక్కడే కాదుగా.

బెంచ్_బాధితుడు: ఆయన అడిగింది ఒక్కరూ చెప్పలేదు. మేనేజర్‌ని సూటిగా అడగండి: ప్రమోషన్‌కి ఏం చేయాలి, ఏ నెలకి, మెయిల్‌లో రాసిస్తారా? తేదీ లేని జవాబొస్తే అది లేదని చెప్పడమే. రెండోది, బయట మీ రోల్‌కి వచ్చే ప్రకటనలు ఓ పాతిక తీసి, అడిగేవాటిలో మీరు రోజూ చేసే పని ఎంతుందో గీత పెట్టండి. సగానికి తగ్గితే ఆగిన ప్రతి నెలా మీకే నష్టం, గ్రాట్యుటీ దాన్ని పూడ్చదు. మూడోది, ప్రాజెక్టు కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో కనుక్కోండి. రెన్యువల్ మాట లేకుండా సీనియర్లు ఒక్కొక్కరే రిలీజ్ అడుగుతుంటే మీరూ కదలండి.

పేస్లిప్_పండితుడు: గ్రాట్యుటీ పూడ్చదంట! లక్ష ఊరికే వస్తుందా?

బెంచ్_బాధితుడు: 30 శాతం హైక్‌తో రెండు నెలల తేడా ఎంతో మీరే కట్టండి, లెక్కలు మీకే వచ్చుగా.

మియాపూర్_మెట్రో: మేనేజర్‌కి మెయిల్ పెడుతున్నా. హోమ్ లోన్ శాంక్షన్ అయింది, డిస్బర్స్ కాలేదు. ఈలోగా పేపర్ పెడితే ఇబ్బందా?

సెటిల్మెంట్_సీటు: ఇబ్బందే. ఇచ్చేముందు బ్యాంకు మళ్ళీ ఆఫీసుకి ఫోన్ చేసి వాకబు చేయొచ్చు. డబ్బు బిల్డర్ ఖాతాలో పడ్డాకే పేపర్ పెట్టండి. కొత్త కంపెనీని జాయినింగ్ డేట్ జరపమని ఇవాళే అడిగి, మెయిల్‌లో ఒప్పించుకోండి.