అందరూ సరే అంటే నేనూ తలూపేస్తున్నాను, ఎందుకిలా?

సైకాలజీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. నిన్న మీటింగ్‌లో ఒక లెక్క తప్పని నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అయినా మిగతా ఆరుగురూ సరే అనేసరికి నేనూ తలూపేశాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

సోలమన్ యాష్ అనే సైకాలజిస్టు 1951లో చేసిన గీతల ప్రయోగం గురించి చదివాను. ఏ గీత ఎంత పొడవో కళ్లెదుటే ఉన్నా, చుట్టూ ఉన్నవాళ్లు (ముందే కూడబలుక్కున్నవాళ్లే లెండి) తప్పు చెబితే, నాలుగింట మూడు వంతుల మంది ఒక్కసారైనా దానికే వంతపాడారట. పక్కన ఒక్కరు నిజం చెప్పినా ఆ ఒత్తిడి బాగా తగ్గిందట.

నా సందేహం ఇదీ: నేను తలూపింది నలుగురిలో వేరుపడతానన్న భయంతోనా, లేక ఇంతమంది అంటున్నారంటే నేనే పొరబడ్డానేమో అనుకునా? ఈ రెండిటినీ విడదీసి గుర్తుపట్టడం ఎలా? చర్చకు ముందే ఎవరి అభిప్రాయం వాళ్ల చేత కాగితం మీద రాయిస్తే పనిచేస్తుందా? చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి.