‘అన్‌బికమింగ్’: అనుచితమా, తగనిదా?

ప్రశ్న

గ్రూపులో పెద్దలకు నమస్కారం. 1992లో రాబ్ రైనర్ తీసిన ‘ఎ ఫ్యూ గుడ్ మెన్’ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకుంటూ, తీర్పు దగ్గర ఆగిపోయాను. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. గ్వాంటనమో బే అమెరికా నౌకా స్థావరంలో శాంటియాగో అనే మెరైన్ (అమెరికా మెరైన్ దళ సైనికుడు) చనిపోతాడు. అతనికి బుద్ధి చెప్పమని పైనుంచి నోటిమాటగా ఆదేశం వచ్చిందనీ, దాన్నే పాటించామనీ డాసన్, డౌనీ అనే ఇద్దరు మెరైన్లు అంటారు. వాళ్లమీదే కోర్ట్ మార్షల్. చివరికి హత్య, హత్యకు కుట్ర అభియోగాల్లో ఇద్దరూ నిర్దోషులని తేలుతుంది. మిగిలిన ఒక్క అభియోగంలో మాత్రం దోషులు. దాని పేరు ‘కాండక్ట్ అన్‌బికమింగ్ ఎ యునైటెడ్ స్టేట్స్ మెరైన్’.

మొదట ‘అనుచిత ప్రవర్తన’ అని రాశాను. మా చెల్లెలు చదివి, "వీళ్లు ఎవరైనా అమ్మాయితో తప్పుగా ప్రవర్తించారా? కథలో అది లేదే!" అంది. పేపర్లు చదివి చదివి ఆ మాటకు మనకు అదే అర్థం స్థిరపడిపోయింది. అది కొట్టేసి ‘మెరైన్‌కు తగని నడవడి’ అని రాశాను. ఇప్పుడు నాకే అనుమానం. కొలువు పోగొట్టే అభియోగానికి ‘తగని’ అనే మాట మరీ మెత్తగా లేదూ?

ఒక సభ్యుడు

మెత్తగానే ఉందండీ. చట్టం భాషకు కాస్త బరువుండాలి. ‘వృత్తిధర్మ విరుద్ధ ప్రవర్తన’ అనండి, సరిపోతుంది.

మరో సభ్యుడు

మాస్టారు అన్నది కాదనడానికి సంకోచంగానే ఉంది. కానీ ఆ సమాసం తెరమీద చదివేలోపు తీర్పు అయిపోతుంది. అదలా ఉంచి, ‘తగని’ మెత్తని మాట అన్నదే నేను ఒప్పుకోను. దాని బరువు ఎక్కడుందో చూద్దాం.

‘అనుచితం’ ఒంటరిగా నిలబడగలదు. "అది అనుచితం" అంటే వాక్యం అయిపోయింది. ‘తగదు’ అలా ఊరుకోదు. ఎవరికి తగదు? నీకు తగదు, నీ వయసుకు తగదు, నువ్వు కూర్చున్న కుర్చీకి తగదు. పైకి అనకపోయినా ‘కు’ విభక్తితో ఒక మనిషో, ఒక స్థానమో ఆ మాట వెనక ఉండి తీరుతుంది. ఈ అభియోగం పని కూడా సరిగ్గా అదే. ఏం చేశావన్నదొక్కటే కాదు, ఎవరై ఉండి చేశావని అడుగుతుంది. మన 1950 నాటి సైనిక చట్టంలో 45వ సెక్షన్ కూడా ఇలాంటిదే. తన హోదాకూ, తన నుంచి ఆశించే శీలానికీ తగని విధంగా ప్రవర్తించిన అధికారికి శిక్ష వేయమంటుంది. నేను తెలుగులో పెట్టగానే రెండుసార్లు ‘కు’ దానంతటదే వచ్చి కూర్చుంది చూడండి. ‘అనుచిత’ వేస్తే ఆ రెండూ ఎగిరిపోతాయి.

ఇక మెత్తదనం సంగతి. "ఇది నీకు తగునా?" అని పెద్దవాళ్లు నెమ్మదిగా అడిగితే, నాలుగు తిట్లకన్నా లోతుగా దిగదూ? భక్తులు కీర్తనల్లో దేవుణ్ణి నిలదీసిందీ ఈ మాటతోనే. మనం తగుతామో లేదో ఇంకొకరు చెప్పాలి. అందుకే తన తగుదల తానే చెప్పుకునేవాణ్ణి ‘తగుదునమ్మా అని బయల్దేరాడు’ అంటాం.

నాకు అన్నిటికన్నా ప్రాణమైన సంగతి ఇంకొకటుంది. ‘తగవు’ కూడా ఈ ఇంటి పిల్లే. ఇవాళ తగవు అంటే జగడం. పాత కావ్యభాషలో మాత్రం న్యాయం, మర్యాద. ‘తగవు గాదు’ అంటే న్యాయం కాదని అర్థం. న్యాయం తెలిసి చెప్పేవాడు ‘తగవరి’. తగవు తీర్చడమంటే ఒకప్పుడు ఏది తగునో తేల్చడం. న్యాయం కోసం పెద్దల ముందుకు తెచ్చిన గొడవకే రానురాను ఆ పేరు అంటుకుని ఉంటుందని నా ఊహ. తమిళంలో మాత్రం తగవు అంటే ఇప్పటికీ యోగ్యత, నిష్పాక్షికత. కోర్టు సినిమాకి ఇంతకన్నా దగ్గరి ధాతువు ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొకరు

అయితే అన్నా, తగాదా కూడా ఇందులోదేనా?

మరో సభ్యుడు

కాదు తమ్ముడూ. వినడానికి అక్కచెల్లెళ్లలా ఉన్నాయి గానీ, తగాదా అరబ్బీ నుంచి హిందుస్తానీ మీదుగా వచ్చింది. బాకీ తీర్చమని ఒత్తిడి చేయడం దాని అసలు అర్థం. తగవుకూ దానికీ చుట్టరికం లేదు, పొరుగింటి స్నేహమే.

సైన్యంలో పనిచేసి వచ్చిన సభ్యుడు

మాట గురించి మీరే చెప్పారు. చట్టం గురించి ఒకటి కలుపుతాను. అమెరికా సైనిక న్యాయ స్మృతిలో ఈ అభియోగం 133వ ఆర్టికల్ కింద వస్తుంది. అది అధికారులకూ, అధికారి శిక్షణలో ఉన్నవాళ్లకూ మాత్రమే వర్తిస్తుంది. డాసన్ లాన్స్ కార్పొరల్, డౌనీ ప్రైవేట్ ఫస్ట్ క్లాస్. అసలు కోర్టులో వాళ్లమీద ఈ అభియోగం నిలవదు. సినిమా తీసుకున్న స్వేచ్ఛ అది.

ఆ ఆర్టికల్ చాలాకాలం ‘అధికారికీ, జెంటిల్‌మన్‌కీ తగని ప్రవర్తన’ అనేది. జెంటిల్‌మన్ అన్న మాటను 2021లో చేసిన చట్టంతో తీసేశారు. మన మాటల్లో ‘పెద్దమనిషి’ అనుకోండి. పెద్దమనిషికే ఉన్న కొలతను సినిమా ఇద్దరు మామూలు సిపాయిలకు పెట్టింది. చట్టం ప్రకారం తప్పే. నాకు మాత్రం ఆ తప్పు నచ్చింది. ఆదేశం ఇచ్చిన కర్నల్‌కు లేని తగుదల వాళ్లనుంచి ఆశించడం వాళ్లను తక్కువ చేయడం కాదు.

ఒక మనవి. ‘కోర్ట్ మార్షల్’ను సైనిక న్యాయస్థానం అని రాయకండి. అలా రాస్తే ఎప్పుడూ తలుపులు తెరిచి ఉండే భవనంలా వినిపిస్తుంది. అది ఒక్కో కేసుకు ప్రత్యేకంగా కూర్చే కోర్టు. కోర్ట్ మార్షల్ అంటే అందరికీ తెలుసు, అలాగే ఉంచండి.

మొదటి సభ్యుడు

‘కు’ గురించి చెప్పింది నిజమే. నా సమాసంలో ఆ మనిషి లేడు. వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ‘మెరైన్‌కు తగని నడవడి’ అనే ఉంచుతున్నాను. దానివల్ల తరవాతి సంభాషణ కూడా తేలికపడింది. తీర్పు విన్న డౌనీకి ఏమీ అర్థం కాదు. మనం ఏం చేశామని అడుగుతాడు. అక్కడ ‘మనం చేసిన నేరమేంటి?’ అని రాసుకున్నాను. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది. హత్యానేరం లేదని కోర్టు అప్పుడే చెప్పేసింది కదా. ‘మనం చేసిన తప్పేంటి?’ అని మార్చాను. తనకోసం తాను పోరాడలేనివాడి పక్షాన మనం నిలబడాల్సింది అనే భావంతో డాసన్ చెప్పే జవాబు ఇప్పుడు ఆ ప్రశ్నకు సూటిగా అతుకుతోంది. ఎవరికి తగదో అతనికి అర్థమైంది, పక్కవాడికి ఇంకా కాలేదు.

వాళ్లకు పడిన శిక్ష పేరు, ‘డిస్‌హానరబుల్ డిశ్చార్జ్’, ఒక్కటే తెలుగు చేయాల్సి మిగిలింది. ‘అవమానకర తొలగింపు’ అంటే తొలగించిన తీరు అవమానంగా ఉందన్నట్టుంది. ‘గౌరవం దక్కని తొలగింపు’ అని ప్రస్తుతానికి రాసుకున్నాను. ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి.