గ్రాఫిక్స్ కార్డు 5070 టీఐ సాలా, 5080కు పోవాల్నా?

అన్నలూ, జర సలహా చెప్పుండ్రి. మాది హనుమకొండ. రెండేండ్లు పైసలు జమచేసి గేమింగ్ పీసీ కట్టిస్తున్న. రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ ఖాయం. మానిటర్ 1440పీ రిజల్యూషన్‌ది.

లొల్లంతా గ్రాఫిక్స్ కార్డు కాడనే. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, 5080 రెండిట్ల వీడియో మెమరీ 16 జీబీనే ఉన్నది, మరి మీదికెల్లి అన్ని పైసలు పెట్టుడు దండుగేనా? 5080 ఒక్కటే 360 వాట్లు గుంజుతది. దుకాణపాయన 650 వాట్ల పవర్ సప్లై సాలంటుండు. నాకైతే నమ్మబుద్ధి కాలే, 850 తీస్కుందామనుకుంటున్న.

ఇంకోటి, మాది రేకుల రూము. పోయిన మే నెలల పాత పీసీ సైడు ప్యానెల్ ఊడబీకి, టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడిన. దుమ్మంతా లోపటికే! గీ ప్రాసెసర్‌కు మీద బిగించే మంచి ఎయిర్ కూలర్ (ఫ్యాన్‌ది) సరిపోతదా, 360 ఎంఎం లిక్విడ్ కూలరే కావాల్నా? పాత 600 వీఏ యూపీఎస్ గూడ మార్చాల్నా?