అమెరికా నుంచి వస్తున్న అస్థికల పాత్ర: సమాధిలో పెట్టేముందు పైన ఏ పెట్టె కట్టించాలి?

బ్రాడీపేట అబ్బాయి:
మా పెద్దనాన్న డల్లాస్‌లో పోయారు, దహనం అక్కడే చేశారు. గుంటూరులో నానమ్మ సమాధి పక్కనే ఉండాలని ఆయన కోరిక. అన్నయ్య వచ్చే నెల తెస్తున్నాడు, ఇత్తడి పాత్ర కొన్నాడట. నేరుగా మట్టిలో పెట్టొచ్చా? అక్కడ పాత్రని లోపల పెట్టడానికి వాల్ట్ అని ఇంకో పెట్టె అమ్ముతారట, అదీ తెమ్మనాలా?

నల్లరేగడి:
నేరుగా మాత్రం వద్దు. అమ్మది మేం అలాగే పెట్టాం. మన నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. మూడేళ్లకి పైబండ ఒకవైపు కుంగింది. మేస్త్రి ఎత్తితే పాత్ర ఒరిగిపోయి, మూత అంచున పచ్చగా చిలుం. లోపల సంచిలో ఉంది కాబట్టి బూడిద తడవలేదు, దహనం చేసినవాళ్లు వేసిన నంబరు బిళ్ల కూడా అలాగే ఉంది. ఆ రోజు నాన్న మాత్రం అన్నం ముట్టలేదు.

టెక్సాస్ కోడలు:
వాల్ట్ మోసుకురావద్దు. ఇక్కడ చట్టమేం అడగదు, శ్మశానంవాళ్లే అడుగుతారు, నేల కుంగకూడదని. అసలు చూసుకోవాల్సింది ఇత్తడి పాత్ర. చేతిసంచిలో పెడితే విమానాశ్రయం ఎక్స్‌రేలో లోపలిది కనపడదు, పంపరు. మూత తీసి చూపిస్తామన్నా తియ్యరు. చెక్కదో ప్లాస్టిక్‌దో వాడమనండి. దహన పత్రం, మరణ పత్రం చేతిలోనే ఉండాలి.

పటమట:
మేం అడుగున్నర చదరంలో ఇటుక గూడు కట్టించి, లోపలా బయటా వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటు పూయించాం. అడుగున కంకర, దానిమీద నాపరాయి ముక్క, పైన నాపబండ, అంచులకి పూత. వారం ముందే కట్టించి తడపాలి. ఎదిగిన మనిషి బూడిద మూడు లీటర్ల పైనే, బరువు రెండు మూడు కిలోలుంటుంది. కొలత మాత్రం ముందే తెప్పించుకోండి బాబూ. మావాళ్లు ఫొటో చూసి కట్టించారు. తీరా పెట్టేటప్పుడు మూత పిడి బండకి తగిలింది. పాస్టరుగారు ప్రార్థన ఆపి నిలబడ్డారు, మేస్త్రి ఇంకో వరస పేర్చేదాకా.

బ్రాడీపేట అబ్బాయి:
ప్లాస్టిక్ డబ్బాకి ఎం-సీల్ పెట్టేస్తే సరిపోదా?

పటమట:
నీళ్లు పైకొచ్చేచోట గాలి నిండిన తేలిక డబ్బాని నీరే పైకి తోస్తుంది. బరువు ఉండాల్సిందే.

గుణదల:
ముందు ఫాదర్‌గారిని అడగండి. కతోలికులకి 1963 నుంచి దహనానికి అనుమతి ఉంది గానీ, బూడిదని నీళ్లలో కలపొద్దని, పవిత్ర స్థలంలోనే ఉంచాలని 2016లో రోమ్ చెప్పింది. మా సమాధుల తోటలో కొత్త గుంటకి చోటు లేదన్నారు, తాతగారి సమాధిలోనే పెట్టనిచ్చారు.

కృష్ణలంక:
మాకైతే మట్టిపిడత చాలు, కృష్ణలో కలిపే దుర్గాఘాట్‌దాకా ఆగితే అదే పదివేలు. ఇన్ని పూతలెందుకండీ?

నల్లరేగడి:
మీకు కలిసిపోవాలి, మాకు చోటు ఉండాలి. పండక్కి పువ్వులు ఎక్కడ పెట్టమంటారు?

బ్రాడీపేట అబ్బాయి:
అన్నయ్యకి ఫోన్ చేశా. ఇత్తడిది ఖాళీగా సూట్‌కేసులో, బూడిద చెక్కపెట్టెలో తెస్తాడట. పిడితో కలిపి ఎత్తు పదకొండు అంగుళాలు, టేపు పెట్టి చూశాడు. మేస్త్రి శనివారం వస్తానన్నాడు.