డిసెంబరు బురదలో ఎందుకు వెనకబడుతున్నాను?

ప్రశ్న: బెల్జియంలో అమెచ్యూర్ సైక్లోక్రాస్ (బురద, గడ్డి, మెట్ల మీదుగా సాగే సైకిల్ పోటీ) రేసులండీ. సెప్టెంబరు, అక్టోబరుల్లో గట్టి నేల మీద ముందు వరుసలోనే ఉంటాను, డిసెంబరు వచ్చేసరికి చివర్లో తేలుతున్నాను. బరువు 70 కిలోలు, 33 మి.మీ. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి 26 పీఎస్‌ఐ. ఏం మార్చాలి?

జవాబు: ముందు గాలి తగ్గించండి. 26 ఎండు నేలకి సరే, బురదకి చాలా ఎక్కువ. ముందు టైరు 19, వెనక 20తో మొదలుపెట్టండి. పంపు మీది ముల్లుని ఆ స్థాయిలో నమ్మొద్దు, విడిగా డిజిటల్ గేజ్ కొనండి. రేసుకి ముందు కోర్సు చుట్టి వచ్చేటప్పుడు అర పీఎస్‌ఐ చొప్పున వదులుతూ చూడండి. చెట్ల వేర్ల మీద రిమ్ ఒకటి రెండుసార్లు మెత్తగా తగిలితే సరిపోయినట్టే. ప్రతి వేరుకీ తగిలితే మరీ తగ్గించేశారు. అడ్డవాలు మలుపులో టైరు అంచు రిమ్ నుంచి లేచి, ఉన్న గాలి కాస్తా బుస్సుమంటుంది. పెద్ద రేసర్లలో చాలామంది జిగురుతో అంటించే ట్యూబులర్లని వదలకపోవడానికి కారణం ఇదే.

ఇంకో జవాబు: బ్రేక్ ప్యాడ్లు కూడా చూసుకోండి. బెల్జియంలోని నామూర్ కోట కొండ లాంటి చోట వాన పడితే రెజిన్ (మెత్తటి రకం) ప్యాడ్లు ఒక్క రేసుకే అరిగిపోవచ్చు. మెటల్‌వి వేయండి, మీ రోటర్ (బ్రేక్ డిస్క్) రెజిన్‌కి మాత్రమే అయితే తప్ప. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ ధారని హబ్‌ల (చక్రం మధ్య భాగాల) మీదకి నేరుగా కొట్టకండి, గ్రీజు కొట్టుకుపోతుంది.

మూడో జవాబు: పరుగు! బండి నడక వేగానికి పడిపోయిందంటే దిగి భుజాన వేసుకోవడమే మేలు. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాల పరుగు సెప్టెంబరుకి ముందే మొదలుపెట్టాలి. క్రిస్మస్ రోజుల్లో రేసులు వరసగా వస్తాయి. ఆ రెండు వారాలూ ఇంటర్వెల్స్ (మధ్యమధ్య విరామంతో గట్టిగా తొక్కే సాధన) మానేయండి. వాన్ డర్ పూల్, వాన్ ఆర్ట్ లాంటి సైక్లోక్రాస్ ప్రపంచ చాంపియన్లే కొన్ని రేసులు ఎంచుకుని దిగుతారు.