రాత్రి బ్యాకప్ వేళ లోడ్ 40 దాటితే వేగం తగ్గించాలా, కారణం వెతకాలా?

ప్రశ్న
ఎనిమిది కోర్ల లినక్స్ సర్వర్‌లో రాత్రి 2 గంటలకు ఆర్‌సింక్ (ఫైళ్ళను కాపీ చేసే ప్రోగ్రామ్) బ్యాకప్ మొదలైన పది నిమిషాలకే లోడ్ యావరేజ్, అంటే నడుస్తున్న, వేచి ఉన్న ప్రాసెస్‌ల సగటు సంఖ్య, 40 దాటుతోంది. సీపీయూ మాత్రం సగానికి పైగా ఖాళీగానే ఉంటోంది. దీన్ని సమస్యగా పరిగణించాలా?

మొదటి అభిప్రాయం
పరిగణించవలసిందే. బ్యాకప్ కమాండ్‌కు ముందు ఐఓనైస్ (డిస్క్ వాడకంలో ప్రాధాన్యం నిర్ణయించే కమాండ్) చేర్చి ఐడిల్ తరగతి ఇవ్వండి, అప్పుడు ఇతరులకు డిస్క్ అవసరం లేనప్పుడే బ్యాకప్ దాన్ని వాడుతుంది. కారణాల వేట తరువాత చూసుకోవచ్చు.

రెండవ అభిప్రాయం
ఈ సలహాతో ఏకీభవించలేను. లినక్స్‌లో లోడ్ అంటే సీపీయూ కోసం వేచి ఉన్న ప్రాసెస్‌ల లెక్క మాత్రమే కాదు. డిస్క్ నుంచో నెట్‌వర్క్ స్టోరేజ్ నుంచో జవాబు కోసం డీ స్థితిలో (మధ్యలో లేపడానికి వీల్లేని నిద్రలో) ఆగిపోయినవి కూడా 1993 నుంచి అందులో కలుస్తున్నాయి. అందువల్ల సీపీయూ ఖాళీగా ఉండగా లోడ్ 40 కావడం వింతేమీ కాదు. వీఎంస్టాట్ కమాండ్‌లో ఆర్ (సీపీయూ మీద నడుస్తున్నవి, దాని కోసం వేచి ఉన్నవి), బీ (డిస్క్ వంటి వాటి జవాబు కోసం ఆగినవి) అనే నిలువు వరుసలు చూడండి. ఆర్ పెరిగితే కంప్రెషన్‌ను అనుమానించాలి. బీ పెరిగితే ఐఓస్టాట్ కమాండ్‌లో డిస్క్ జవాబుకు పట్టే సమయం చూడాలి. డిస్క్ తీరిగ్గా ఉండి కూడా బీ తగ్గకపోతే ఎన్‌ఎఫ్‌ఎస్ వంటి దూరపు స్టోరేజ్ మొరాయిస్తూ ఉండవచ్చు. పైగా డిస్క్ షెడ్యూలర్ (డిస్క్ పనుల వరుస నిర్ణయించేది) ‘నన్’ అయితే, ఎన్‌వీఎంఈ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ) డిస్క్‌లలో తరచుగా ఉండేది అదే, ఐఓనైస్ చెప్పే ప్రాధాన్యాన్ని పట్టించుకునే షెడ్యూలరే అక్కడ ఉండదు.

మొదటి అభిప్రాయం, మళ్ళీ
షెడ్యూలర్ సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ రాత్రి రెండింటికి మేలుకొని వీఎంస్టాట్ చూసేదెవరు?

రెండవ అభిప్రాయం, మళ్ళీ
ఎవరూ మేలుకోనక్కరలేదు. నిమిషానికొకసారి డీ స్థితి ప్రాసెస్‌ల జాబితాను ఫైల్‌లో రాసే చిన్న క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకు దానంతటదే నడిచే పని) చాలు. అసలు లోడ్ అంకెను అంతగా నమ్మడమే నాకు నచ్చదు. ఒకసారి నా సర్వర్‌లో లోడ్ 3 దాటకుండానే సైట్ నిలిచిపోయింది. మైసీక్వెల్ డంప్‌ను (డేటాబేస్ బ్యాకప్‌ను) సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ లేకుండా నడపడంతో టేబుళ్ళకు తాళం పడింది. ఆ తాళం కోసం ఎదురుచూసే థ్రెడ్‌లు నిద్రలో ఉంటాయి కనుక లోడ్ లెక్కలోకి రావు.

ప్రశ్న వేసిన వ్యక్తి
జాబితా రాయించాను. ఆర్ రెండుకు మించలేదు, బీ మాత్రం 35 దాకా వెళ్ళింది. డీ స్థితిలో ఉన్నవాటిలో బ్యాకప్ ప్రాసెస్‌లు రెండే. మిగిలినవన్నీ అదే డిస్క్‌లో లాగ్ రాసే వెబ్ సర్వర్‌వి.

మొదటి అభిప్రాయం, మళ్ళీ
అలాగైతే మీ వాడుకదారులే ఆగిపోతున్నారు, కనుక వేగం తగ్గించాలన్న నా మాట నిలిచింది. ఐఓనైస్ కుదరకపోతే ఆర్‌సింక్‌కు బీడబ్ల్యూలిమిట్ (బదిలీ వేగానికి హద్దు పెట్టే ఆప్షన్) పెట్టండి. అయితే అది డేటా బదిలీని మాత్రమే అదుపు చేస్తుంది. లక్షల చిన్న ఫైళ్ళను వెతికే దశకు దాని పగ్గం ఉండదు. లాగ్‌లను వేరే డిస్క్‌కు మార్చగలిగితే మరీ మంచిది.