అప్‌డేట్: ఇండోర్ ఈతకొలనులో కళ్ల మంట, దగ్గు – కారణం తెలిసింది

విశాఖలో మా ఇంటి దగ్గరి ఇండోర్ ఈతకొలనులో వ్యాయామానికి దిగిన ప్రతిసారీ కళ్లు మండి, పొడి దగ్గు వస్తోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. ఊపిరితిత్తుల వైద్యుడు పరీక్షించి ఆస్తమా లేదన్నారు. నీటి పరీక్ష వివరాలు అడగమన్న సలహాయే పనిచేసింది: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7.4 దగ్గర సవ్యంగానే ఉన్నా, చెమట, మూత్రాలతో క్లోరిన్ కలిసినప్పుడు ఏర్పడే క్లోరమైన్లు మోతాదు మించాయని, కొలను దగ్గర వచ్చే ఘాటు వాసన వాటిదేనని తేలింది. కరెంటు ఆదా కోసం ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేయడంతో ఆ క్లోరమైన్ల వాయువు నీటి మీదే, సరిగ్గా ఈదేవారు ఊపిరి పీల్చే ఎత్తులో, నిలిచిపోయేది. ఇప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కొంత నీరు మార్చారు, దిగేముందు స్నానం తప్పనిసరి చేశారు (పాటించేవారు సగమే, అది వేరే సంగతి). దగ్గు పోయింది. కొత్త గాగుల్స్ దగ్గుకు పనికిరాలేదు. కొందరు అనుమానించిన సముద్రపు గాలికీ దీనికీ సంబంధం లేదు, బీచ్ రోడ్డులో ఎంతసేపు నడిచినా నాకు దగ్గు రాలేదు.